ఫ్లారెన్సు నైటింగేలు దొరసాని చరిత్రము: రోగుల మనస్సును గూర్చి

చేత దీపము పట్టుకొని రాత్రివేళ గాయపడిన సైనికుల మంచముల నడుమ నడచిపోవుచున్న యొక స్త్రీ బొమ్మను మన చదువరులలో చాలమంది చూచియే యుందురు. ఆ దీపమును గూర్చి లాంగుఫెలో కవి 1857వ సంవత్సరములో పద్యములు వ్రాసెను. తరువాత పాఠపుస్తకములు వ్రాయువారును, చిత్రకారులును దానిని విడువలేదు. అందువలన ఫ్లారెన్సు నైటింగేలు పేరు లోకమంతట వ్యాపించినది గాని, ఆమె చేసిన పనిలో మిక్కిలి విలువగల భాగ మొకటి ఆ దీపకాంతి చాటుననే యుండిపోయినది. రోగికి వచ్చిన వ్యాధి యొకటి. ఆ వ్యాధిచే పడకమీద పడియుండుట వలన మనస్సునకు కలుగు బాధ మఱియొకటి. ఈ రెండవదానిని కనిపెట్టి తొలగించుటయు పరిచారిక పనియే యని ఆమె గ్రహించి, పద్ధతిగా వ్రాసి, ఇతరులకు నేర్పెను. జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరమున వుంటు పండితుడు 1879లో మనశ్శాస్త్ర ప్రయోగశాలను స్థాపించుటకు ఇరువది యేండ్లకు ముందే యీ పని జరిగినది. ఆమె జీవితమును ముఖ్యముగా ఆ దృష్టితో నిచ్చట చెప్పదలచితిమి.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తలిదండ్రులు దేశయాత్రలో నుండగా పుట్టుటచే ఆ పట్టణము పేరే ఆమెకు పెట్టిరి. అంతకు ముందేడు నేపుల్సులో పుట్టిన అక్కకు ఆ పట్టణపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థినోపి యను పేరు పెట్టియుండిరి. తండ్రి విలియము ఎడ్వర్డు నైటింగేలు ధనవంతుడును, విద్యావంతుడును. ఇంగ్లండులో డెర్బీషైరునం దొకటియు, హాంప్‌షైరునం దొకటియు వారికి గొప్ప గృహములు కలవు. ఆడుపిల్లలకు కుట్టుపనియు సంగీతమును చాలునని పెద్దలు తలచుచుండిన ఆ కాలమున ఆయన కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రమును, తత్త్వశాస్త్రమును తానే బోధించెను. చిన్నదానికి గణితముమీద మక్కువ యెక్కువ. దానిని నేర్చుకొనుటకు ఇంటిలో ఆమె కొంత పోరాడవలసి వచ్చెను.

1837 ఫిబ్రవరి 7వ తేదీన, పదునాఱేండ్ల ప్రాయమున, ఈశ్వరుడు తన్ను సేవకు పిలిచెనన్న దృఢమైన భావ మామెకు కలిగెను. ఏ సేవయో తెలియుటకే కొన్ని యేండ్లు పట్టెను. తెలిసిన తరువాత దానిని చేయనిచ్చుటకు మఱికొన్ని యేండ్లు పట్టెను. 1845లో సాల్సుబరీ పట్టణపు వైద్యశాలలో కొన్ని నెలలుండి పని నేర్చుకొందునని ఆమె యడుగగా తల్లియు, అక్కయు మిగుల కలతపడిరి. దానికి కారణము లేకపోలేదు. నాటి వైద్యశాలలలోని పరిచారికలలో పలువురు త్రాగుబోతులనియు, శీలము లేనివారనియు లోకులు చెప్పుకొనుచుండిరి. గౌరవముగల యింటి కన్య ఆ గుమ్మము త్రొక్కుట యవమానమని అందఱు నెంచిరి. ఆమె ఊరకుండెను గాని మనసు మార్చుకొనలేదు. రిచర్డు మాంక్టను మిల్న్సు అను యోగ్యుడైన వరుడు చిరకాలము వేచియుండగా, అతనియం దిష్టముండియు 1849లో ఆ సంబంధమును నిరాకరించెను.

ఈ నిరీక్షణ కాలమును చరిత్రకారులు తఱచుగా త్వరత్వరగా దాటిపోవుదురు. మా అభిప్రాయమున ఆమె విద్యాభ్యాసములో ఇదియే ముఖ్యభాగము. సంపన్న గృహమున చేయుటకు పని లేక, ఇతరు లేర్పఱచిన వేళకు ఇతరు లేర్పఱచిన గదిలో కూర్చుండి, ఇతరుల సంభాషణమును వినుచు కాలము గడపు స్త్రీకి మనస్సు ఎట్లు క్రుంగునో ఆమె స్వయముగా అనుభవించెను. తరువాత కసాండ్రా యను వ్యాసములో ఆ బాధను తీవ్రముగా వర్ణించెను. తాను చూడవలసినదానిని గాని, వినవలసినదానిని గాని ఎన్నుకొను స్వాతంత్ర్యము లేనివారు ఇద్దఱు: అట్టి కన్య యొకతె, పడకమీది రోగి యొకడు. మొదటి దాని ననుభవించి యుండుటచేతనే రెండవవాని స్థితి ఆమె కంత శీఘ్రముగా బోధపడినదని మేము తలంచుచున్నాము.

1850లో గ్రీసు దేశము చూచుచు ఏథెన్సు పట్టణములో కుఱ్ఱవాండ్రు హింసించుచున్న యొక గుడ్లగూబ పిల్లను విడిపించి, దానికి ఎథీనా యని పేరు పెట్టి, అంగీ జేబులో పెట్టుకొని పెంచెను. ఆ సంవత్సరమే జర్మనీలోని కైజర్స్‌వెర్తు గ్రామమున ఫ్లీడ్నరు పాదిరి నడపు ఆశ్రమమును చూచి, మరునాటి సంవత్సరము ఎట్టకేలకు ఇంటివారి యనుమతి పొంది, మూడు మాసము లచ్చట నుండి పని నేర్చుకొనెను.

1853లో లండను నగరపు హార్లీ వీథిలో దిక్కులేని కులీన స్త్రీల వైద్యశాల కామె అధికారిణి యయ్యెను. ఆంగ్ల సంఘమునకు చేరినవారిని మాత్రమే చేర్చుకొనవలెనని పాలకవర్గమువారు కోరగా, కాథలికులను, యూదులను గూడ చేర్చుకొననియెడల తానా పని చేయనని పట్టుపట్టి నెగ్గెను. ఆమె చేసిన మార్పులు చూచుటకు చిన్నవి. వేడినీటిని గొట్టముల ద్వారా ప్రతి యంతస్తునకు తెప్పించెను. భోజనమును వంటయింటినుండి త్రాటితో పైకి లాగుటకు ఒక యంత్రము పెట్టించెను. గంటలను పరిచారిక గది వాకిట నమర్చి, ఏ రోగి గంట మ్రోగించిన ఆ గంటకు చేర్చిన రేకు తెఱచుకొని అట్లే నిలిచియుండునట్లు చేయించెను. గంట చప్పు డాగిపోయినను పిలిచినవారెవరో పరిచారికకు తెలియును. అంతకుముందు పరిచారిక దినమంతయు మెట్లెక్కుచు దిగుచు గడపుచుండెను. ఆ సమయమంతయు రోగి చేయుచుండిన దేమి? ఎదురుచూచుచుండెను. తాను పిలిచిన పిలుపు ఎవరికైన వినబడెనో లేదో తెలియక పడియుండుట యెంతటి బాధయో ఆ రేకును కనిపెట్టించిన యామెకు తెలియును.

మరు సంవత్సరము రష్యాతో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, గాయపడిన ఆంగ్ల సైనికులు దిక్కులేక చచ్చుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చెను. యుద్ధమంత్రులలో నొకడైన సిడ్నీ హెర్బర్టు ఆమె స్నేహితుడు. ఆయన కోరిక మీద 1854 అక్టోబరు 21వ తేదీన 38 మంది స్త్రీలతో ఆమె బయలుదేరెను. ఆ ప్రయాణపు తొందరలోనే ఆమె గుడ్లగూబ మరణించెను. నవంబరు 4వ తేదీన కాన్‌స్టాంటినోపిలు కెదుటి యొడ్డున నున్న స్క్యుటారి చేరెను. అచ్చటి వైద్యశాల నిజముగా సైనికుల పటాలపు కొట్టము. దాని క్రింద మురుగుకాలువలు పూడిపోయి కుళ్లుచుండెను. ఎలుకలు, పురుగులు, చలి, జ్వరము, విరేచనములు. గుడ్డలు లేవు, పాత్రలు లేవు, చీపురులును లేవు.

ఆమె లెక్కలు, ఉత్తరములు, సరకులు, వాదములు అను వానితో దినములు గడపినది. ఆ కథ యిచ్చట వలదు. మా విషయమునకు సంబంధించినవి మూడు కార్యములు. ఆ వైద్యశాలలో చేతులు కాళ్లు కోయుట అందఱు చూచుచుండగనే జరుగుచుండెను. రేపు తన కాలు పోవలసినవాడు నేడు ప్రక్క మంచమువాడు కత్తిక్రింద ప్రాణము విడుచుట కన్నులార చూచుచుండెను. ఆమె వెంటనే తెరలు తెప్పించి అడ్డము పెట్టించెను. ఖర్చెంత? కొన్ని గజముల గుడ్డ. అంతవరకు ఎవరికిని తోచలేదు. రెండవది, మరణించుచున్నవారి మాటలను వ్రాసికొని, వారి యుంగరమో గడియారమో చేర్చి, ఇండ్లకు పంపుట. తన సంగతి తల్లికి తెలియునన్న నిశ్చయము కలిగినవాడు కొంత నెమ్మదిగా పోవునని ఆమె కనిపెట్టెను. మూడవది తేఱుకొనుచున్నవారికి సంబంధించినది. సామాన్య సైనికుడు పశుప్రాయుడు, చేత డబ్బు పడిన త్రాగి తీరునని అధికారుల నమ్మకము. పని లేక గోడలు చూచుచు కూర్చున్నవాడు త్రాగక యేమి చేయునని ఆమె ప్రశ్న. ఆమె చదువుకొను గదులు పెట్టించెను. జీతములో మిగిలినది ఇంటికి పంపగోరువారి సొమ్ము తానే పుచ్చుకొని పంపుట కారంభించెను. తరువాత ప్రభుత్వమువారే ఆ పనికి కార్యస్థానములు తెఱచిరి. ఆఱు నెలలు నిండకుండ 71,000 పౌనులు సైనికుల యిండ్లకు చేరెను. పశువులని పేరుపడినవారు భార్యాబిడ్డలను తలంచుకొనిరి. తలంచుకొనుటకు వీలు కల్పింపబడినది, అంతియే.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. 1855 ఫిబ్రవరిలో స్క్యుటారియందు నూటికి నలువది యిద్దఱు చనిపోవుచుండిరి. మార్చి నెలలో ఆరోగ్య పరీక్షక సంఘమువారు వచ్చి మురుగుకాలువలు శుభ్రపఱచి, గాలి వచ్చునట్లు చేసిన తరువాత, జూనునాటికి ఆ సంఖ్య రెండునకు దిగెను. ప్రాణములు నిలిపినది ప్రధానముగా ఆ శుభ్రత. ఈ విషయమును యుద్ధానంతరము లెక్కలు పరిశీలించి ఆమెయే అందఱికంటె గట్టిగా చాటెను. మనస్సును ఓదార్చిన చాలును, మురుగు అట్లే యుండవచ్చునని ఆమె యెన్నడును చెప్పలేదు. ఆమె పేరు చెప్పి మృదుభాషణమునే వైద్యముగా భావించువారు ఈ సంగతి మఱచిపోవుదురు.

1855 మే నెలలో యుద్ధభూమియైన బాలక్లావాకు పోయి, అచ్చట ఆమెయే తీవ్ర జ్వరమున పడెను. కొయ్యపలకల గుడిసెలో పడక. కిటికీ వెలుపలికి చూపు సాగదు. కనబడునది పలకలోని కణుపులు మాత్రమే. జ్వర తీవ్రతలో ఆ కణుపులను చూచుచు పడియుండుట యెట్టి యాతనయో ఆమె తరువాత వ్రాసినది. ఎవరో అడవిపూల గుత్తి నొకదానిని పంపిరి. ఆ క్షణము మొదలు తనకు త్వరగా నయమగుట కారంభమైనదని ఆమె చెప్పెను. సుకుమారుల భావుకత్వమని దీనిని త్రోసివేయువారు కలరు. అట్టివారు ఒక విషయము గమనింతురు గాక. 1984లో అమెరికాలో రోజరు ఉల్రిచ్ అను పరిశోధకుడు, పెన్సిల్వేనియాలోని యొక వైద్యశాలలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది లెక్కలను పరిశీలించి ప్రకటించెను. కిటికీనుండి చెట్లు కనబడిన గదిలోని 23 మంది, ఇటుకగోడ కనబడిన గదిలోని 23 మందికంటె త్వరగా ఇంటికి పోయిరి. నొప్పికి వారు పుచ్చుకొన్న బలమైన మందులును తక్కువ. ఆ పలకల కణుపులకు నూటయిరువది తొమ్మిదేండ్ల తరువాత లెక్కకు దొరకిన సాక్ష్య మిది.

1856 ఆగస్టులో ఆమె ఎవరికిని చెప్పక, ఊరేగింపులను తప్పించుకొని ఇల్లు చేరెను. మరుసటి యేట ఆరోగ్యము పూర్తిగా చెడెను. ఆ జ్వరము విడువక మాటిమాటికి తిరుగబెట్టెడు జాతికి చెందినదని ఇటీవలి వైద్యులు కొందఱు ఊహించిరి. ఏమైనను, 37 ఏండ్లకే ఆమె రోగియై, అటుపిమ్మట చిరకాలము పడకను, గదిని విడువలేకపోయెను. పరిచారిక రోగి యయ్యెను. ఆ పడకమీదనుండియే 1859లో నోట్సు ఆన్ నర్సింగు అను చిన్న పుస్తకమును వ్రాసెను. అది వెలువడిన నెలలోనే 15,000 ప్రతులు చెల్లిపోయెను. 1861లో కూలివారికొఱకు చౌక వెలకు మఱియొక కూర్పు వచ్చినది. ఆమె దీనిని వృత్తి పరిచారికల కొఱకు వ్రాయలేదు. ఇంటిలో ఎవరినో యొకరిని ఎప్పుడో యొకప్పుడు కనిపెట్టుకొని యుండవలసిన స్త్రీలందఱి కొఱకును వ్రాసెను.

మనస్సు దేహముమీద చూపు ప్రభావమును గూర్చి గ్రంథములు పెక్కులు వచ్చుచున్నవి గాని, దేహము మనస్సుమీద చూపు ప్రభావమును గూర్చి కొంచె మెక్కువగా ఆలోచించిన బాగుండునని అందులో ఆమె చెప్పిన మాటయే ఆ పుస్తకమునకు గుండెకాయ. ఆరోగ్యవంతుడు విసుగు పుట్టిన లేచి నాలుగడుగులు వేయును, వీథిలోనికి చూచును, పని మార్చుకొనును. అందుచే తలపులును మారును. రోగికి ఆ దారి మూసికొనిపోయినది. మనస్సును త్రిప్పుకొనుమని వానికి చెప్పుట విఱిగిన కాలితో నడువుమని చెప్పుటవంటిది. కావున వెలుపలినుండి మార్పు తెచ్చి యీయవలెను: ఒక పువ్వు, ఒక రంగు, కిటికీవైపు త్రిప్పిన మంచము, చిరకాల రోగికి పంజరములోని యొక పక్షి. ఈ చివరిది వ్రాయునప్పుడు ఆమెకు ఎథీనా జ్ఞప్తికి వచ్చియుండునని మేము ఊహించుకొందుము.

దేహశ్రమకంటె భయమును, అనిశ్చయమును, ఎదురుచూపును రోగికి ఎక్కువ కీడు చేయునని ఆమె సిద్ధాంతము. దానినుండి పుట్టినవే తక్కిన నియమములన్నియు. బయటికి పోవునప్పుడు ఎప్పుడు తిరిగివత్తువో చెప్పి పొమ్ము. వాకిట నిలిచి వైద్యునితో గుసగుసలాడకుము. ఆ మాటలు తన్ను గూర్చినవే యని రోగికి తెలియును, ఏమో తెలియదు, ఊహించుకొనుచు వేగిపోవును. వాని కెదురుగా కూర్చుండి మాటలాడుము. వెనుక నిలిచి మాటలాడి వాని మెడ త్రిప్పింపకుము. మంచముమీద ఆనకుము, దానిని కదపకుము. నీ సందేహములను నీలోనే యుంచుకొని, నిశ్చయించిన మాటనే వానికి చెప్పుము. తొలినిద్రలో లేపకుము. ఆ కాలపు దొరసానుల పట్టుపావడల గలగలను, తాళపుచెవుల చప్పుడును కూడ ఆమె విడువక నిందించినది. తినని యాహారమును ప్రక్కనే వదలి, మరల వచ్చి తినెనా యని చూచుట వానికి ఆహారమునందే రోత పుట్టించునని హెచ్చరించినది.

పరామర్శకు వచ్చువారిని గూర్చి వ్రాసిన ప్రకరణము మన దేశమున చదువదగినది. వచ్చినవారు రోగిని పరీక్షించి చూడకయే, భయము లేదు, తప్పక నయమగునని పలికి, తమకు తెలిసిన వైద్యుని, తమకు తెలిసిన మందును, తమకు తెలిసిన క్షేత్రమును చెప్పి పోవుదురు. నిజము తెలిసిన రోగికి ఆ ధైర్యవచనములు ధైర్యము నీయవు. తన బాధను వినువా డొక్కడును లేడన్న ఒంటరితనమును మాత్రమే యిచ్చును. మన యిండ్లలో జ్వరపడినవాని మంచముచుట్టు చేరు బంధువులను చూచిన యెవరికైనను ఆ ప్రకరణము తమ వీథిలోనే వ్రాసినట్లు తోచును. రోగికి కావలసినది బయటి లోకపు మంచివార్త, ఎక్కడనో జరిగిన యొక సత్కార్యపు కథ అని ఆమె వ్రాసెను. ఆ వార్త తెచ్చువాడు అరుదు.

అయితే ఆమె దయను కనులు మూసికొని మెచ్చుకొనలేదు. కనిపెట్టి చూడని దయ పనికిరాదని ఆమె మతము. రాత్రి బాగుగా గడచెనా యని యడిగినచో, పది గంటలు నిద్రపట్టనివా డొకడు లేదనును. నడుమ నడుమ కునుకు పట్టినవాడు మఱియొకడు బాగుగనే గడచినదనును. ఐదు రాత్రింబగళ్లు కన్నుమూయక, అందుచేతనే చనిపోయిన రోగిని గూర్చియు, ఒకరాత్రి కొంచెము నిద్ర తప్పిన రోగిని గూర్చియు ఒకే యుత్తరము చెప్పబడిన యుదాహరణము నామె చూపినది. ఎన్ని గంటలు నిద్రపట్టెను, ఏ వేళలందు అని అడుగవలెను. గణితము కొఱకు చిన్ననాట పోరాడిన బాలిక యిచ్చట మరల కనబడుచున్నది.

1860లో, ప్రజలు కృతజ్ఞతతో కూర్చిన దాదాపు 45,000 పౌనుల నిధితో, లండనులోని సెయింటు థామసు వైద్యశాలయందు ఆమె పేర పరిచారికల పాఠశాల యేర్పడెను. అచ్చట చదివినవారు పలు దేశములకు పోయి అట్టి పాఠశాలలు పెట్టిరి. పరిచారికకును రోగికిని గల సంబంధమే చికిత్సలో భాగమని 1952లో అమెరికాలో హిల్డెగార్డు పెప్లౌ ప్రత్యేక గ్రంథము వ్రాసిననాటికి, ఆ భావమునకు దాదాపు నూఱేండ్లు నిండవచ్చెను.

ఆమె లోపములను దాచి చరిత్ర వ్రాయుట మాకు ఇష్టము లేదు. వ్యాధులు క్రిములవలన అంటుకొనునన్న మాటను ఆమె చాలకాలము నమ్మలేదు. పరిచారికలకు పరీక్ష పెట్టి పట్టికలో పేర్లు వ్రాయుటను గట్టిగా ఎదిరించినది. శీలమును పరీక్షాపత్రము కొలువలేదనుట నిజమే గాని, పరీక్ష లేనిచోట మోసము ప్రవేశించుటయు నిజము. అన్నిటికంటె మా మనస్సును నొప్పించునది సిడ్నీ హెర్బర్టు సంగతి. మూత్రపిండముల వ్యాధితో క్షీణించుచున్న ఆ స్నేహితుని, సైన్య సంస్కరణము పూర్తి కాలేదని ఆమె తఱుముచునే యుండెను. ఇక చేతకాదని ఆయన చెప్పుకొన్నప్పుడు కఠినముగా మాటలాడెను. 1861 ఆగస్టు 2వ తేదీన ఆయన మరణించెను. మంచముమీదివాని తలపులను అంత సూక్ష్మముగా చదివినయామె, కుర్చీలో కూర్చుండి తనకొఱకు పనిచేయుచున్న రోగిని చదువలేకపోయెను. తరువాత ఆమె పడిన దుఃఖ మంతింతనరానిది.

హిందూదేశమునకు ఆమె యెన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైన్యపు ఆరోగ్యమును గూర్చి 1859లో ఏర్పడిన రాజ విచారణ సంఘమునకు ఇంటినుండియే లెక్కలు తెప్పించి నివేదికను సిద్ధపఱచుటలో ముఖ్య భారము వహించెను. కఱవులను గూర్చి ఆలోచించుచు, గోదావరి ఆనకట్టను కట్టిన ఆర్థరు కాటనుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, నీటిపారుదలకొఱకు పత్రికలలో వాదించెను. ధవళేశ్వరపు నీటిని త్రాగు మనవారిలో ఈ సంగతి యెఱిగినవారు కొలదిమందియే.

వార్ధక్యమున ఆమె స్వభావము చల్లబడెనని చూచినవారు చెప్పిరి. లండనులోని ఆమె గది కిటికీలకు దళమైన తెరలు లేవు; వెలుతురు, పూలు, పిల్లులు ఉండెడివి. చూచుటకు వచ్చువారిని ఒక్కొక్కరిగా, ముందుగా వేళ నిర్ణయించి మాత్రమే లోనికి రానిచ్చెడిది. తుదకు చూపు పోయెను. 1907లో రాజు ఆమెకు ఆర్డరు ఆఫ్ మెరిట్టు బిరుదము నిచ్చెను. స్త్రీలలో ఆ బిరుదమును పొందిన మొదటియామె ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన, తొంబదవ యేట, ఆ గదిలోనే కన్నుమూసెను. వెస్టుమినిస్టరు మహాలయమున సమాధి చేయుదుమన్న మాటను, ఆమె కోరిక యెఱిగిన బంధువులు అంగీకరింపలేదు. హాంప్‌షైరులోని ఈస్టు వెల్లో గ్రామపు చర్చి ప్రాంగణమున, తలిదండ్రుల సమాధిలోనే ఆమె నుంచిరి. రాతిమీద ఆమెకై చెక్కినవి పేరులోని రెండు మొదటి యక్షరములును, జనన మరణ కాలములును మాత్రమే.